జాయప సేనాని

మన ఇందల్వాయినుండి నిజామాబాదునకు పోవు మార్గమున, డిచ్‌పల్లియొద్ద, చిన్న గుట్టమీద రామాలయ మొకటి కలదు. దానిని ఎరుగనివారు మనలో లేరు. పండుగనాడు పోయి, మెట్లెక్కి, దర్శనము చేసికొని వచ్చినవారమే. కాని ఆ గోడలమీది స్త్రీమూర్తులు ధరించిన సొమ్ములను నిలిచి చూచినవారు కొందరే యుందురు. కంఠమున పేటలు, చేతులకు కడియములు, నడుమున మొలనూలు, కాళ్లకు అందెలు. శిల్పి ఇవియన్నియు ఊహించి చెక్కెనా, లేక ఆనాటి ఆటకత్తెలు నిజముగా ధరించినవానినే చూచి చెక్కెనా అను ప్రశ్న నాకు చిన్ననాటనే పుట్టినది. సమాధానము కొంత రాతిలో కలదు. కొంత ఒక గ్రంథములో కలదు. ఆ గ్రంథము వ్రాసినవాడు నాట్యాచార్యుడు కాడు, ఆస్థానకవి కాడు. కాకతీయ సైన్యమున ఏనుగుల దండునకు నాయకుడు. అతని పేరు జాయప. శాసనములలో జాయన యనియు కనిపించును. లోకమున జాయప సేనాని యని ప్రసిద్ధి.

కృష్ణానది సముద్రమున కలియుచోట, పాయల నడుమ నున్న దివిసీమ అతని జన్మభూమి. అచ్చట అయ్య వంశపు నాయకులు ఏలుచుండిరి. వారిలో పిన్నచోడి యనువానికి జాయప కుమారుడు. నారాంబ, పేరాంబ కుమార్తెలు. ఓరుగల్లున 1199లో గణపతిదేవుడు సింహాసన మెక్కి, తీరాంధ్రముపై దండెత్తి వెలనాటిని సాధించినప్పుడు దివి కూడ ఆయన వశమైనది. పిదప గణపతిదేవుడు నారాంబా పేరాంబలను వివాహమాడెను. వారి సోదరుడైన జాయపను తన కొలువున చేర్చుకొనెను.

ఈ సంగతిని వ్రాయువారు సాధారణముగా సంబంధబాంధవ్యము కలిసినదని ఒక్కమాటతో దాటిపోవుదురు. నాకు అంత వేగిరముగా దాటబుద్ధి పుట్టదు. ఓడిన ఇంటి ఆడపడుచులు గెలిచినవాని అంతఃపురమునకు పోయిరి. ఓడిన ఇంటి బిడ్డ గెలిచినవాని కొలువునకు పోయెను. రాజనీతి యందురు, నిజమే. కాని ఆ బాలుని మనస్సున ఏమి కదలాడెనో శాసనములు చెప్పవు. ఒక్కటి మాత్రము గమనింపదగినది. గణపతిదేవుడును ఓటమి ఎరుగనివాడు కాడు. తానే రాజగుటకు ముందు దేవగిరి యాదవుల చేతిలో బందీయై, జైతుగి విడిచిపెట్టగా వచ్చి ఓరుగల్లు నేలినవాడు. బందీతనపు బాధ నెరిగిన రాజు, చేజిక్కిన సీమనుండి వచ్చిన బాలుని దూరముగా నుంచక, చదివించి, బాధ్యత నొసగి, పెద్దవానిని చేసెను.

ఆ బాధ్యత చిన్నది కాదు. ఆనాటి యుద్ధమున ఏనుగు కోటతలుపు పగులగొట్టు ఆయుధము. వ్యూహమునకు నడచు గోడ. మదమెక్కిన ఏనుగు స్వపక్షమునే త్రొక్కివేయగలదు. వానిని మేపుట, మావటీలను నడిపించుట, యుద్ధమున ఏ క్షణమున ఎటు మళ్లింపవలెనో ఎరుగుట గజసాహిణి పని. 1213వ సంవత్సరపు చేబ్రోలు శాసనమువలన, తామ్రపురి యనబడిన ఆ చేబ్రోలును గణపతిదేవుడు జాయపకు ఒసగినట్లు తెలియుచున్నది. అచ్చట జాయప తన తండ్రి పేరిట చోడేశ్వరాలయమును కట్టించెను. ఆలయనర్తకుల నివాసమునకు మేడలు కట్టించెను. 1231లో తన పుట్టినచోట, దివిసీమలో, రాజు పేరిట గణపేశ్వరాలయమును కట్టించెను. ఓడిన తండ్రికి ఒక గుడి, గెలిచిన రాజునకు ఒక గుడి. ఈ రెంటి నడుమ ఆ మనిషి జీవితమంతయు కనిపించుచున్నది.

నర్తకులకు మేడలు కట్టించుట వట్టి దానధర్మము కాదు. ఆ కాలమున పెద్ద శివాలయములందు రంగభోగ మను సేవ నిత్యకృత్యము. దేవునికి దీపమెట్టిదో నృత్యమట్టిది. తీరాంధ్ర శాసనములలో సానిమున్నూరు అను సమూహము పేరు పలుమారు వచ్చును. గుడిని ఆశ్రయించి బ్రతికిన ఈ సానులకు తమ సంఘము, తమ మాన్యములు, తమ కట్టుబాట్లు ఉండెడివి. తరువాతి శతాబ్దులలో ఆ వృత్తి ఎట్టి దుస్థితికి దిగజారినదో, ఆ స్త్రీలు ఎన్ని అవమానముల పాలైరో మనకు తెలియును. ఆ కారణముచే వారి విద్యనుకూడ తక్కువగా చూచుట మనవారికి అలవాటైనది. జాయప అట్లు చూచినవాడు కాడు. తన ఏలుబడి గ్రామమున నర్తకుల ఇండ్లను ఆలయముతోపాటు కట్టించినవాడు వారి ఆటను ఎంత దగ్గరగా చూచియుండునో ఊహింపవచ్చును.

నాట్యమున అతనికి గురువు గుండామాత్యుడు. ఆయనయొద్ద జాయప శాస్త్రమును నేర్చెను. భరతుని నాట్యశాస్త్రము, దానికి అభినవగుప్తుని వ్యాఖ్య, చాళుక్యరాజు సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసము మున్నగువానిని మథించెను. తామ్రపురిని పొందిన నలువది ఏండ్లకు, 1253-54లో, సంస్కృతమున నృత్తరత్నావళిని పూర్తిచేసెను. గీతరత్నావళి యను సంగీతగ్రంథమునుకూడ అతడు రచించెనందురు గాని, అది మనకు దక్కలేదు.

నృత్తరత్నావళికి ఎనిమిది అధ్యాయములు. మొదటి నాలుగు మార్గమునకు, అనగా భరతాదులు నిర్ణయించిన ప్రాచీన సంప్రదాయమునకు. తక్కిన నాలుగు దేశికి, అనగా ఆయా సీమలలో జనులు ఆడుకొను నృత్యములకు. ఈ విభజనలోనే అతని విశేషమున్నది. మార్గమును వ్రాయుటకు పుస్తకములు చాలును. దేశిని వ్రాయుటకు ఊళ్లు తిరుగవలెను. గుడి మండపమున, తిరునాళ్లలో, వీథిలో నిలిచి చూడవలెను. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, శివప్రియము, చిందు, కందుకము, కోలాటము మున్నగువానికి అతడు లక్షణము చెప్పెను. ఆ కాలముననే దేవగిరిలో, యాదవరాజు సింఘణుని కొలువున, శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. యుద్ధము చేసికొను రెండు రాజ్యములలో, ఒకే తరమున, ఇద్దరు ఒకే విద్యను అక్షరబద్ధము చేసిరి. మన నిజామాబాదు సీమ ఆ రెండు రాజధానులకును నడుమ దారిలోనున్నది.

ఇక నగల మాట. అభినయము నాలుగు విధములు: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. వీనిలో ఆహార్యమనగా వేషము, వస్త్రము, ఆభరణము. ఆంగికమునకు వందల శ్లోకములు వ్రాసి, ఆహార్యమును తేలికగా ముగించుట వాడుక గదా యని దానిని చిన్నచూపు చూడరాదు. జాయప అనుసరించిన భరతుడు ఆభరణములను ధరించు విధమునుబట్టి నాలుగు తెగలు చేసెను. చెవికమ్మవలె శరీరమును కుట్టి పెట్టునవి, మొలనూలు, బాహుపురివలె కట్టునవి, అందెలవలె తొడుగునవి, హారములవలె వ్రేలవేయునవి. ఈ విభాగము కంసాలి చేసినది కాదు, బంగారము తూచువాడు చేసినదియు కాదు. ఆడు శరీరమును చూచినవాడు చేసినది. కుట్టినది తలతో కదలును. కట్టినది అవయవమును బిగించి పట్టును. తొడిగినది అడుగుతో మ్రోగును. వ్రేలవేసినది మేను ఒరిగినప్పుడు తాను ఒరిగి, మేను నిలిచిన పిమ్మట ఒక క్షణము ఊగును. ఒక్కొక్క నగకు ఒక్కొక్క పని కలదు.

నగ పెట్టుకొనుట పెండ్లికి వేరు, ఆటకు వేరు. పెండ్లిలో పెట్టుకొన్నది కదలకుండ కూర్చున్నను శోభించును. ఎంత బరువైన అంత గౌరవము. ఆటలో బరువు శత్రువు. బరువైన సొమ్ములవలన నర్తకి అలసి, చెమర్చి, మూర్ఛిల్లుటకుకూడ అవకాశము కలదని భరతుడే హెచ్చరించెను. కనుక లక్కతో చేసి పలుచని రాళ్లు పొదిగిన తేలిక నగలను వాడుమనెను. రంగమున మేలిమి బంగారము అక్కరలేదు, బంగారమువలె కనిపించిన చాలును అను ఈ తెలివి ఎంత పాతదో చూడుడు. మన యక్షగానములవారు, కూచిపూడివారు తేలికయైన పొణికి చెక్కతో కిరీటములు, భుజకీర్తులు, జడబిళ్లలు చేయించి, పైన బంగారురేకు, అద్దపుముక్కలు అతికించుకొనుట ఈ తెలివినుండి వచ్చినదే. పొణికి యనగా మనకు క్రొత్త కాదు. గోదావరి దాటగానే నిర్మలలో బొమ్మలు చేయునది ఆ చెక్కతోడనే.

గజ్జెలను గూర్చి అభినయదర్పణమున నందికేశ్వరుడు చెప్పిన సంగతియు ఇచ్చట చెప్పవలెను. అవి కంచుతో చేసినవై, మంచి నాదము గలవై యుండవలెను. నీలిత్రాటితో, గజ్జెకును గజ్జెకును నడుమ గట్టి ముడి వేసి కూర్చవలెను. కాలికి నూరు, లేదా రెండునూరులు. ముడి ఎందుకనగా, ముడి లేనిచో గజ్జెలు ఒకదానినొకటి తాకి, వేసిన అడుగునకు వేయని మ్రోత కలుపును. తాళము చెడును. ఒక నీలిదారపు ముడియొద్ద శాస్త్రమంతయు నిలిచియుండుట మన పూర్వుల శ్రద్ధకు గుర్తు.

జాయప వర్ణించిన దేశినృత్యములలో పేరణికి వేషము నగలకు సరిగా ఎదురు. పేరణి ఆడువాడు పురుషుడు. లక్షణకర్తలు చెప్పినదానినిబట్టి అతడు ఒడలికి తెల్లపూత పూసికొని, శిఖ మాత్రముంచి తల గొరిగించుకొని, పిక్కలకు ఘర్ఘరములను గజ్జెలపట్టీలు కట్టికొని వచ్చును. హారము లేదు, మొలనూలు లేదు. ఉన్న సొమ్మంతయు కాళ్లయందే. అతని విద్య యంతయు ఆ గజ్జెలను తన ఇచ్చవచ్చినట్లు మ్రోగించుటలో కలదు. అలంకార మనగా నగలు పెంచుటయే కాదు, ఒక్క నగను మిగిల్చి తక్కినవి తీసివేయుటయు అలంకారమే యని ఈ వేషము చూపుచున్నది. సైనికుడైన జాయపకు ఈ నృత్యము ప్రత్యేకముగా నచ్చియుండునని నా ఊహ.

నర్తకి వేషమునకు నిదర్శనములు కావలెనన్న పాలంపేట పోవలెను. అచ్చటి రామప్ప దేవాలయమును గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించెను. జాయప గ్రంథము దానికి నలువది ఏండ్ల పిన్న. చూరు క్రింద నల్లరాతి మదనికలు పండ్రెండుగురు ఒయ్యారముగా నిలిచియున్నారు. వారి ఒంటిమీది నగలలోని పూస పూసయు వేరుచేసి లెక్కింపవచ్చును. నడుమును ఒరిగించిన మదనిక హారము నిట్టనిలువుగా వ్రేలదు, మేనితోపాటు ఒరిగియుండును. నగ మేనిని వెంబడింపవలెనని శిల్పికిని తెలియును, శాస్త్రకారునికిని తెలియును. ఒక మదనిక కాలికి ఎత్తుమడమ చెప్పులున్నవి. ఆ రోజులలోనే ఇట్టివి యుండెనా యని చూచిన ప్రతివాడును ఆశ్చర్యపడును. నేడు నృత్యము చేయు బాలికలు ధరించు కుట్టుడుచీర, మోకాళ్ల నడుమ విసనకర్రవలె విప్పుకొను కుచ్చెళ్లు, ఈ శిల్పములందు కనిపింపవు. అవి ఇరువదవ శతాబ్దిలో వచ్చినవి. కాకతీయశిల్పమున వస్త్రము తొడలకు అంటుకొని, మొలనూలు క్రింద బిగిసియుండును. అడుగు వేసినప్పుడు కాలి వంపు దాగదు.

ఈ నగలకు, వస్త్రములకు సరకు ఎచ్చటనుండి వచ్చినది? గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. ఓడ పగిలి ఒడ్డున పడిన సరకును రాజులు కైవసము చేసికొను దురాచారమును మాన్పి, సుంకము తప్ప మరేమియు పుచ్చుకొనమని విదేశవర్తకులకు మాట ఇచ్చెను. సుంకముల పట్టికలో చందనము, కర్పూరము, పన్నీరు, ఏనుగుదంతము, జవ్వాది, పట్టునూలు, పవడములు కలవు. చూడగా ఇది నర్తకి అలంకారపుపెట్టె పట్టికవలెనే యున్నది. కొన్ని దశాబ్దులకు ఆ తీరమును చూచిన వెనిసువాసి మార్కోపోలో ఇచ్చటి పలుచని నేతను సాలెగూటితో పోల్చి మెచ్చెను. వజ్రములనుగూర్చియు వ్రాసెను. రాజు శాసనము వేయింపగా ఓడలు వచ్చినవి. ఓడలు రాగా పవడములు వచ్చినవి. ఆ పవడములే గుడి రంగమండపమున దీపపువెలుగులో మెరసినవి.

నృత్తరత్నావళి చివరి అధ్యాయము ప్రదర్శనమునకు సంబంధించినది. సభ ఎట్లు తీర్చవలెను, రాజు ఎచ్చట కూర్చుండవలెను, వాద్యబృంద మెట్లుండవలెను, నర్తకి తెరవెనుకనుండి ఎట్లు ప్రవేశింపవలెను, తుదకు ఆమెను, గాయకులను, కవిని ఎట్లు సత్కరింపవలెను అను విషయములు అందు కలవు. సేనాని లక్షణము ఇచ్చట బాగుగా బయటపడును. దండును నిలుపుటలో ఎవ్వని చోటు వానిదే. సభను తీర్చుటలోను అంతే.

గణపతిదేవుని పాలన 1262లో ముగిసినది. పిదప రుద్రమదేవి, ఆమె పిదప ప్రతాపరుద్రుడు ఏలిరి. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు సంధికై ధనరాశులను, నగలను, అశ్వములను, ఏనుగులను సమర్పింపవలసి వచ్చినది. 1323లో రాజ్యమే కూలినది. జాయప జీవితమంతయు సాకినవి రెండు: ఏనుగులు, నృత్యము. ఏనుగులు డిల్లీకి పోయినవి, సొమ్ములును పోయినవి. ఏ కోశాగారమున కరగి ఏ రాజు నాణెములైనవో ఎవరికి తెలియును! ఆ నగలను ధరించి ఆడిన స్త్రీలలో ఒక్కరి పేరైనను గ్రంథమున వ్రాసియుంచిన బాగుండెడిదని నాకు అనిపించును. లక్షణగ్రంథమున వ్యక్తుల పేర్లకు చోటులేదు. అది శాస్త్రమర్యాద, కాని వారికి అన్యాయము.

పేరు మిగిలిన చోట్లును కొన్ని కలవు. జాయప పేర్కొన్న చిందునకును, మన జిల్లాలో చిందువారు ఆడు భాగవతమునకును సంబంధ మెంతయో నిర్ణయించుటకు నేను సాహసింపను. పేరు మాత్రము ఒక్కటే. బోధను ప్రాంతమున అమ్దాపూరు నివాసినియగు చిందుల ఎల్లమ్మ ముఖమున రంగు పూసికొని, కిరీటము, భుజకీర్తులు ధరించి రంగమునకు వచ్చుట మన పెద్దలలో అనేకులు చూచియున్నారు. ఆమె 2005లో గతించినది. అటు దివిసీమకు అనతిదూరముననే కూచిపూడి గ్రామమున్నది. సత్యభామ జడను తెరమీదుగా వేసి సభవారికి చూపు ఆచారము అచ్చటిది. రాగిడి, సూర్యచంద్రులు, నాగరము, జడగంటలు కూర్చిన ఆ జడ వట్టి నగ కాదు, పందెము. ఆటలో తనను మించువారున్నచో ముందుకు రమ్మనుట.

నృత్తరత్నావళి మాత్రము తెలుగుదేశమున చాలకాలము కనబడకుండ పోయినది. దాని వ్రాతప్రతి తంజావూరున సరస్వతీమహలు గ్రంథాలయమున భద్రముగా నుండెను. తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలిరి, పిదప మరాఠాలు ఏలిరి, ఆ పిదప ఆంగ్లేయులు వచ్చిరి. ఎవరు వచ్చినను పుస్తకములకు కట్టిన గుడ్డలు విప్పి, దులిపి, మరల కట్టినవారు ఒకరుండిరి. వారి పేర్లును మనకు తెలియవు. ఇరువదవ శతాబ్దిలో వి. రాఘవన్ పండితుడు దానిని పరిష్కరింపగా 1965లో మద్రాసున అచ్చుపడినది. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథమును, రామప్ప శిల్పములను ముందుంచుకొని పేరణికి మరల ప్రాణము పోసి, యువకుల పిక్కలకు గజ్జెలపట్టీలు కట్టించెను. దివిసీమలో పుట్టి ఓరుగల్లున ఎదిగిన తెలుగువాడు వ్రాసిన పుస్తకము, ఏడువందల ఏండ్లు గడచిన పిదప, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి చేతిమీదుగా తెలుగులోనికి వచ్చినది.